లంఖణాల మామ్మగారు

ఈ ఆషాఢంలో మా పక్కింటి మామ్మగారు పోయారు. వాంతులు, విరేచనాలు పట్టుకుని మంచమెక్కిన నాలుగో రోజున పోయారు. ఎనభై దాటిన మనిషి కాబట్టి వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. కొంత ఆవిడ మీద, కొంత నా మీద, మిగతాది మా వీధి మొత్తం మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

మండపేటలో రైసుమిల్లుల వెనక వీధి మాది. ఆరేసిన బట్టల మీద రోజూ ఊక నుసి పడుతుంది. మామ్మగారి కొడుకు ఆ మిల్లుల్లోనే ఒకదాంట్లో మెకానిక్కు, కోడలు ఇంటి దగ్గర మిషను కుడుతుంది. వాళ్ళింటికీ మాకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. మా ఆయన పొద్దున్నే సామర్లకోట డ్యూటీకి వెళ్ళిపోతే, నేను ఎనిమిదింటికల్లా బడికి బయల్దేరాలి. మధ్యలో నా సంసారం సగం ఆ గోడ మీంచే నడిచింది. పెరుగు తోడు దగ్గర్నుంచి పసిపిల్ల దాకా అన్నీ ఆ గోడ మీంచే అందించుకున్నాం.

ఆవిడ పేరు నేను ఎప్పుడూ అడగలేదు. వీధిలో అందరికీ మామ్మగారే. పొట్టి మనిషి, ముదురు రంగు నేత చీర, ఒంటి నిండా ఆముదం వాసన. ఏ ఇంటికైనా పిలుపులేకుండా వచ్చేస్తారు. వచ్చి ఇంట్లో ఉన్న పిల్లల నెత్తి మీద చెయ్యి పెడతారు. చూసినవాళ్ళు ఆశీర్వదిస్తున్నారనుకునేవారు. అది ఆశీర్వాదమూ కాదు, పాడూ కాదు, తనిఖీ. పసిపిల్లలైతే బొటనవేలు సరాసరి మాడు మీదికి వెళ్ళిపోతుంది. అక్కడ మెత్తగా కొట్టుకునే చోట వేలు ఒక క్షణం ఆనించి, "పొద్దుట్నుంచి ఉచ్చ ఎన్నిసార్లు పోసింది?" అని తల్లిని అడుగుతారు. తల్లి లెక్క చెప్పలేకపోతే ఆవిడకి చెడ్డ కోపం. "ఫోనులో ఏమొచ్చిందో చెబుతావు గానీ పిల్ల ఉచ్చ పోసిందో లేదో తెలీదా నీకు" అనేవారు.

ఆ రెండూ చూసి ఆవిడ చెప్పేది ఒకటే: వేడి చేసింది. మాడు గుంట పడితే వేడి, ఉచ్చ తగ్గితే వేడి, నోరెండితే వేడి. దానికి మందు కూడా ఒకటే. తమలపాకుకి ఆముదం రాసి, దీపం మీద వెచ్చచేసి మాడు మీద వెయ్యాలి, పొట్ట మీద ఇంకొకటి. మామిడి జీడి సాన మీద అరగదీసి నాలిక్కి రాయాలి. ఆ పైన లంఖణం. "లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు" అనేవారు వేలు పైకెత్తి. పెద్దలు ఆ మాట పథ్యం సంగతిగా అన్నారేమో గానీ, ఈవిడ నీళ్ళక్కూడా పెట్టేశారు. పాలు లేవు, నీళ్ళు లేవు, తల్లిపాలు కూడా తగ్గించెయ్యాలి. ఎందుకంటే, "పోసేకొద్దీ పోతుందమ్మా. పొయ్యకపోతే ఇంకేం పోతుంది?"

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. ఈ వీధిలో మూడు తరాలు ఆ మాటకి తలూపాయి. ఎమ్మెస్సీ చదివి, పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పే నేను కూడా ఊపాను.

ఏడేళ్ళ కిందటి మాట. మా అమ్మాయికి తొమ్మిదో నెల. ఒక పొద్దున పాలు తాగీ తాగగానే కక్కేసింది. ఇంకో రెండుసార్లు కక్కింది. తర్వాత నీళ్ళలా మోషన్లు మొదలయ్యాయి. మా అత్తగారు ఫోనులో పళ్ళు వస్తున్నాయి కంగారుపడకు అన్నారు. ఎదురింటావిడ దిష్టి అంది. మా ఆయన, ఫ్లూ అయుంటుంది, పోయినసారి దగ్గుకి ఇచ్చిన యాంటిబయాటిక్ సీసా ఫ్రిజ్‌లో ఉంది కదా, పట్టెయ్ అన్నారు. మామ్మగారు గోడ దగ్గరికొచ్చి పిల్లని అందుకుని మాడు తడిమారు.

"కొంచెం దిగింది పంతులమ్మా. వేడి చేసింది."

నేను చదువుకున్నదాన్ని కదా, ఆవిడ మాట ఒక్కటీ వింటానా. దగ్గు సీసాలో మందు ఒక చెంచా పట్టాను. మెడికల్ షాపు నుంచి ఓఆర్‌ఎస్ పాకెట్ తెప్పించాను. పాకెట్ మీద లీటరు నీళ్ళలో కలపమని రాసుంది. తొమ్మిది నెలల పిల్ల లీటరు నీళ్ళు ఎప్పుడు తాగుతుంది, ఇంత ఇంత చొప్పున పట్టాలి కదా అని, పాకెట్ మొత్తం అరగ్లాసులో కలిపేశాను. చిక్కగా ఉంటే బలం తొందరగా వస్తుందని నా తెలివి. ఉప్పు కషాయంలా ఉన్న ఆ నీళ్ళు నాలుగు చెంచాలు పట్టగానే పిల్ల మొత్తం కక్కేసింది.

"చూశావా, పోసేకొద్దీ పోతుందని చెప్పానా లేదా" అన్నారు మామ్మగారు.

అక్కడితో నా చదువు అయిపోయింది. ఆ రోజూ, మర్నాడూ ఆవిడ చెప్పినట్టే చేశాను. బడిలో తనిఖీ ఉంది, సెలవు దొరకలేదు. పిల్లని ఆవిడకి అప్పజెప్పి వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పిల్ల ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ అంతకు ముందే చేతులు కడుక్కుని చెంగుకి తుడుచుకున్నట్టున్నారు. ఆ తడి చెంగు కొసని పిల్ల రెండు చేతులతో పట్టుకుని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. మామ్మగారు లాగారు. పిల్ల వదలలేదు. నేను కూడా వంగి, వేళ్ళు విడదీసి లాగాను. ఇద్దరం కలిసి తొమ్మిది నెలల పిల్ల నోట్లోంచి తడిగుడ్డ లాగేశాం. ఇది రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపులో గొంతు లేదు. మామ్మగారు దాని మొహం వెలుగులోకి తిప్పి చూసి, "ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావట్లేదు పంతులమ్మా. పొద్దుట్నుంచి గుడ్డ తడవలేదు. ఇది నా వల్ల కాదు, రాజమండ్రి పద" అన్నారు. తనే ముందు వెళ్ళి కారు మాట్లాడుకొచ్చారు. ఆ మాట ఆవిడే అన్నారని నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. ఇంకో పూట ఆలస్యమైతే నేను ఈ రాత వేరే విధంగా రాయాల్సి వచ్చేది.

అక్కడి డాక్టరమ్మ నాకంటే చిన్నది. పిల్లకి ముందు చెయ్యాల్సింది చేసి, సూది పెట్టి, సెలైన్ ఎక్కించి, ప్రాణం కుదుటపడ్డాక మా ఇద్దర్నీ పిలిచింది. గొంతు పెంచలేదు. పెంచినా బావుండేది.

"మాడు దిగిందని ఎప్పుడు చూశారండీ?"

"నిన్న పొద్దున. మామ్మగారు చూశారు" అన్నాను.

ఆ అమ్మాయి మామ్మగారి వంక ఆశ్చర్యంగా చూసింది. "నిన్న పొద్దున్నేనా? అంత తొందరగా తల్లులే కనిపెట్టలేరు. అది వేడి కాదు మామ్మగారూ. ఒంట్లో నీళ్ళు అయిపోతే మాడు అలా దిగిపోతుంది. మీరు కరెక్టుగానే చూశారు. చూసి పైన నూనె పోశారు, లోపల నీళ్ళు మాత్రం పొయ్యలేదు."

తర్వాత నా వంతు. అది వైరస్ అనీ, ఫ్లూ జ్వరానికీ దీనికీ సంబంధం లేదనీ, యాంటిబయాటిక్ దాని మీద పని చెయ్యదనీ, పైగా కడుపు ఇంకా పాడవచ్చనీ చెప్పింది. దాన్ని ఆపే మందు ఏదీ లేదట, నాలుగైదు రోజుల్లో అదే పోతుందట. ఈలోపల పోయిన నీళ్ళు పోయినట్టు లోపలికి పొయ్యడమే మన పని. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఒక్కో చెంచా. తల్లిపాలు ఆపకూడదు. పాకెట్ ఎలా కలిపారని అడిగింది. చెప్పాను. "అంత చిక్కగా కలిపితే ఉన్న నీళ్ళు కూడా లాగేస్తుందండీ. మీరు టీచరు గారు కదా, పాకెట్ మీద తెలుగులోనే రాసుంటుంది" అంది. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

మామ్మగారు ఆ గదిలో నేల మీద కూర్చుని, మూడు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక వారం రోజులు గోడ దగ్గరికి రాలేదు. నేనూ పిలవలేదు. నాకు కోపంగా ఉంది. తప్పు సగం నాదైనప్పుడు కోపం రెట్టింపు ఉంటుంది మరి.

ఎనిమిదో రోజున వచ్చి మా గుమ్మంలో కూర్చున్నారు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టలేదు.

"ఆ డాక్టరమ్మ చెప్పింది నిజమేనా? నీళ్ళు పోస్తే పిల్లలు చావరా?"

"పొయ్యకపోతేనే చస్తారు" అన్నాను. కటువుగానే అన్నాను.

ఆవిడ చీర అంచు నలుపుతూ మొదలుపెట్టారు. "మా పెద్దది పదకొండో నెలలో పోయింది. ఇలాగే వాంతులు, విరేచనాలు. మూడు రోజులు ఏమీ పొయ్యనివ్వలేదు మా అత్తగారు. నీళ్ళ బిందె వంకే చూసేది పిల్ల. మూడో నాడు ఆవిడ కాలవకెళ్ళినప్పుడు చూడలేక ఒక గ్లాసు నీళ్ళు పట్టేశాను. గటగటా తాగింది. పొద్దుపోయేసరికి పోయింది. నీళ్ళు పోసి చంపేశావు కదే అంది మా అత్తగారు. తను పోయేదాకా అంటూనే ఉంది. అప్పట్నుంచి నేను ఏ బిడ్డకీ పొయ్యనివ్వలేదు పంతులమ్మా."

వేరే ఎవరైనా అయితే ఆవిడ చెయ్యి పట్టుకునేవారు. నేను పాఠం చెప్పాను. "ఆ ఒక్క గ్లాసు వల్ల పోలేదు మామ్మగారూ. ముందు మూడు రోజులు పొయ్యకపోవడం వల్ల పోయింది. మీరు చేసిందే సరైన పని. ఆలస్యమైంది, అంతే." నేను ఓదారుస్తున్నాననే అనుకున్నాను. ఆ మాటలో, అంతకు ముందు రోజే పోసుంటే బతికేదన్న సంగతి కూడా ఉందని నాకు తోచలేదు. ఆవిడకి తోచింది. మొహం చూస్తేనే తెలిసింది.

చాలాసేపటికి, "ఎన్ని చెంచాలు పొయ్యమన్నారు?" అని అడిగారు.

అప్పట్నుంచి చూడాలి ఆవిడ హడావిడి. పెళ్ళిభోజనాల దగ్గర వదిలేసిన లీటరు సీసా ఒకటి తెచ్చి కడిగి, వీధికంతటికీ అదే కొలత అని చాటింపు వేశారు. పాకెట్‌ని గ్లాసులో కలిపిన తల్లి కనిపిస్తే అయిపోయిందే. "నువ్వూ మా పంతులమ్మలాగే చదువుకున్నావా" అనేవారు, నేను పక్కనున్నా సరే. ఎవరింట్లో పిల్లకి మోషన్లు పట్టుకున్నా వెళ్ళి కూర్చుని, చెంచాతో పోస్తూ, కక్కితే ఆగుతూ, మళ్ళీ పోస్తూ పూటంతా గడిపేసేవారు. అంత ఓపిక నాకు లేదు, పిల్లల తల్లులకీ లేదు.

అలాగని పూర్తిగా మారారా అంటే, అదేం లేదు. తమలపాకూ ఆముదమూ మానలేదు. "దానివల్ల నష్టం లేదుగా, ఉండనీ" అనేవారు. పిల్ల ఆకలంటే మెత్తగా పెరుగన్నం పెట్టండని నేనంటే, "అన్నం సంగతి రేపు చూద్దాం" అని లంఖణాన్ని అన్నం దాకా కాపాడుకొచ్చారు. ఇక సబ్బు విషయంలో ఆవిడతో వేగలేక చచ్చాను. మలం గుడ్డలు ఉతికి, చేతులు నీళ్ళతో తొలిచి చెంగుకి తుడుచుకునేవారు. ఇది చేతుల మీంచే పాకుతుంది మామ్మగారూ, సబ్బు పెట్టండి, మీకూ అంటుకుంటుంది అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "ఇది పిల్లల జబ్బమ్మా, ముసలాళ్ళకేం వస్తుంది" అనేవారు. నేను కొనిచ్చిన సబ్బు పండక్కి తలుపు కడగడానికి వాడారు.

ఈ ఏడు కాలవలకి నీళ్ళొదిలాక, వానలు మొదలయ్యాక, మా వీధిలో ఇంటింటికీ వాంతులు తిరిగాయి. మూడిళ్ళలో పసిపిల్లలకి పట్టుకుంది. మామ్మగారు ఆ మూడిళ్ళకీ తిరిగారు. ముగ్గురూ సూది లేకుండా కోలుకున్నారు. తర్వాత ఒక పొద్దున ఆవిడ గోడ దగ్గరికి రాలేదు. నేనే తొంగి చూశాను. వరండాలో మంచం మీద ముడుచుకుని ఉన్నారు.

"ఏంటి మామ్మగారూ, మీకూ అంటుకుందా?"

"ఆ, ఏదోలే. లంఖణం చేస్తున్నాను."

"నీళ్ళు తాగుతున్నారా?"

"తాగుతున్నాలే తల్లీ. వెళ్ళు, నీ ఫొటో టైమైపోతోంది."

బడికెళ్ళగానే ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవాలి మేము. నిమిషం దాటితే సంజాయిషీ. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. సాయంత్రం మళ్ళీ అడిగాను, మళ్ళీ తాగుతున్నాననే చెప్పారు. మంచం పక్కన కోడలు కలిపి పెట్టిన సీసా ఉంది. అది చూసి నేను సరిపెట్టుకున్నాను. సీసాలో నీళ్ళు తగ్గాయో లేదో చూడలేదు. తన ఒళ్ళోకి ఎవరి పిల్ల వచ్చినా గుడ్డ తడిసిందా అని అడిగే మనిషి ఆవిడ. ఆవిడని ఆ ఒక్క మాట అడిగినవాళ్ళు ఈ వీధిలో లేరు. నాతో సహా.

మర్నాడు మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది, మామ్మగారు మాట తడబడుతున్నారండీ అని. నేను వచ్చేసరికి కళ్ళు గుంటలు పడిపోయి ఉన్నాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడిపోయింది. సీసా నిండుగా ఉంది. కోడలు మిల్లులో ఉన్న భర్తకి ఫోన్ చెయ్యడానికి లోపలికెళ్ళింది.

"ఎందుకు తాగలేదు మామ్మగారూ?" అని అరిచాను. అవును, అరిచాను.

"తాగితే మళ్ళీ వెళ్ళాలమ్మా" అన్నారు మెల్లిగా. "దొడ్డి దాకా నడవలేకపోతున్నాను. అది మిషను తొక్కీ తొక్కీ నడుం పట్టేసుకుని ఉంది. నన్నేం ఎత్తుతుంది. మంచంలో చేసుకుంటే దానిచేత కడిగించుకోనా."

అంటే తెలియక కాదు. అన్నీ తెలిసే. ఏడేళ్ళపాటు వీధిలో పిల్లలందరికీ చెంచాలు లెక్కపెట్టి పోసిన మనిషి, తనకి మాత్రం పోసుకోలేదు. చెంచాతో పట్టబోతే రెండు గుక్కలు మింగి మొహం తిప్పేసుకున్నారు. అంబులెన్సులో రాజమండ్రి తీసుకెళ్ళాం. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. సెలైన్ ఎక్కుతూనే ఉంది గానీ, మూడో రోజున పోయారు.

పెద్దకర్మకి వీధంతా వచ్చింది. షామియానా కింద గారెలు వడ్డిస్తున్నారు. నా వరసలో కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అంటున్నారు.

"అదృష్టవంతురాలండీ. పట్టుమని వారం రోజులు మంచాన లేదు."

"ఎవరి చేతా ఎత్తించుకోలేదు, కడిగించుకోలేదు. పుణ్యాత్మురాలు. అలా వెళ్ళిపోవాలి."

"లంఖణం ఉండి పోయిందటండీ. ఏకాదశి ఉపవాసంలాగ."

నేను ఆకు ముందు నుంచి లేచాను. "ఆవిడ దాహంతో పోయారండీ" అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది గొంతు. వడ్డించే ఆయన ఆగిపోయాడు. ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుని, "పోయినవాళ్ళ గురించి అలా మాట్లాడకూడదు టీచరు గారూ, కూర్చోండి, గారె చల్లారిపోతుంది" అంది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళలో ముగ్గురి పిల్లలకి ఆవిడే చెంచాతో నీళ్ళు పోశారు. ఆ ముగ్గురు తల్లులూ ఆ వరసలోనే కూర్చుని ఆ మాటలకి తలూపుతున్నారు.

నేను కూర్చోలేదు. పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కుంటుంటే, వెనకాలే కోడలు వచ్చింది. ఆవిడ నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది, నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని, రెండో చేత్తో నాకు తువ్వాలు అందించింది.

"ఆ రోజు నేను లోపలికెళ్ళినప్పుడు మీతో ఏదో అన్నారు కదండీ. ఏమన్నారు?"

చెప్పకుండా ఉండాల్సింది. ఎప్పుడు ఏది దాచాలో నాకు ఈ వయసుకి కూడా తెలియలేదు. చెప్పేశాను. తాగితే మళ్ళీ వెళ్ళాలన్నారనీ, మీ నడుం సంగతీ, అంతా.

ఆవిడ ఏడవలేదు. కుళాయి కట్టెయ్యడం నేను మర్చిపోతే వంగి తనే కట్టేసింది. వంగి లేవడానికి కొంచెంసేపు పట్టింది.

"నేను ఎత్తేదాన్నేనండి" అంది. "నన్ను ఒక్కసారి అడిగితే, ఎత్తేదాన్ని."